ఏ తగువుకు ఎంత గడువు

తుని నుంచి తాండవ వంతెన దాటితే పాయకరావుపేట. బజారు పనులకి ఇటూ అటూ తిరిగే జనానికి ఆ రెండూ కలిపి ఒకే ఊరు. ప్రభుత్వోద్యోగుల సర్వీసు కాగితాల్లో మాత్రం ఆ ఏరు దాటడం అంత తేలిక కాదు. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులతో మొదలైన జోన్ల లెక్కలో ఉత్తరాంధ్ర జిల్లాలు ఒకటో జోను; ఉభయ గోదావరులు, కృష్ణా రెండో జోను. ఆ గీత సరిగ్గా తాండవ దగ్గర పడింది. అంచేత జోనల్ పోస్టయితే, గంట దూరంలో ఉన్న నర్సీపట్నంలో ఖాళీ వచ్చినా తుని ఉద్యోగికి ఒరిగేదేం లేదు. ఎక్కడో మచిలీపట్నంలో ఒక పెద్దాయన రిటైరైతే మాత్రం ఇక్కడ ఈయన వరుసలో ఒక అంకె ముందుకు జరుగుతాడు. 2022 ఏప్రిల్ 4న తుని కాకినాడ జిల్లాలోకి వెళ్లింది గానీ, జిల్లా పేరు మారినంత మాత్రాన పాత సీనియారిటీ జాబితాలు చెరిగిపోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రమోషన్ రాలేదని బాధపడేవాళ్లలో చాలామందికి తాము ఎవరితో కలిసి వరుసలో నిలబడ్డారో తెలియదు. తమ పోస్టు జిల్లా క్యాడరా, జోనల్ క్యాడరా అని అడిగితే పక్కవాళ్ల మొహం చూస్తారు. బాధ నిజమే. కానీ ఆ బాధ ఏ జాతిదో తేల్చుకోకుండా కాగితం పెడితే ఆఫీసులో దానికి దొరికే జవాబు ఒకటే: చూద్దాం లెండి.

ఈ అధ్యాయం ప్రభుత్వ కాలేజీల్లో సాంకేతిక సిబ్బంది కోసం. డిగ్రీ కాలేజీల్లో మెకానిక్కులు, స్టోర్ కీపర్లు, హెర్బేరియం కీపర్లు, మ్యూజియం కీపర్లు, ల్యాబ్ అటెండర్లు. పాలిటెక్నిక్‌లలో ల్యాబ్, వర్క్‌షాప్ సిబ్బంది. పాఠం చెప్పేవాళ్లకి యూజీసీ ఉంది, ఏఐసీటీఈ ఉంది, వాళ్ల సంఘాల మాట పేపర్లో వస్తుంది. ఆఫీసు గుమాస్తాలకి రూల్సు కంఠస్థం, పైగా ఫైళ్లు వాళ్ల బీరువాలోనే ఉంటాయి. ఈ రెండు వర్గాల మధ్య నలిగేది ల్యాబ్ మనిషి.

ప్రాక్టికల్ పరీక్ష రోజు పొద్దున్నే ఒకసారి ల్యాబ్‌లోకి తొంగి చూడండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇంకా రైలు దిగలేదు. కిప్స్ ఉపకరణంలో ఐరన్ సల్ఫైడ్ ముక్కలు వేసి ఆసిడ్ పోస్తే గది నిండా కుళ్లిన గుడ్ల కంపు. పక్క గదిలో సోడియం దీపం ముందే వెలిగించి పెట్టాలి. దీపం చల్లగా ఉంటే స్పెక్ట్రోమీటర్ ముందు కూర్చున్న పిల్లాడికి గీత కనబడదు. ఏ బ్యూరెట్ కుళాయి కారుతుందో, ఏ సీసా మీద లేబుల్ ఒకటి, లోపల లవణం ఒకటో తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే. అతని ప్రమోషన్ ఫైల్లో ఈ సంగతులేవీ ఉండవు. ఉండాలని నేను అనను. ఫైలుకి కావలసింది తేదీలు. పనితనం ఎంత ఉన్నా, అది తేదీలుగా మారే దాకా ఫైలు కంటికి ఆనదు.

ఇక మన మనిషి సంగతి. నలుగురైదుగురి అనుభవాలు కలిపి చెబుతున్నాను కాబట్టి పేరు పెట్టను. మెకానిక్ గారు అందాం. ఆయన ప్రిన్సిపాల్‌కి పెట్టుకున్న అర్జీ ఇలా ఉంటుంది: "అయ్యా, గత ఎన్నో సంవత్సరములుగా నాకు జీతములోను, పదోన్నతిలోను తీరని అన్యాయము జరుగుచున్నది. నా తరువాత చేరినవారు నాకన్నా ఎక్కువ జీతము పొందుచున్నారు. రెగ్యులర్ కాకమునుపు చేసిన సర్వీసు లెక్కించలేదు. కావున దయతలచి న్యాయము చేయ ప్రార్థన."

ఒక్క కాగితంలో మూడు తగువులున్నాయి. జీతం లెక్క తప్పిందన్నది ఒకటి. వరుస తప్పిందన్నది రెండోది. అసలు తన కొలువుకి, తన పాత సర్వీసుకి ఇచ్చిన విలువే తప్పన్నది మూడోది. ఈ మూడూ వేర్వేరు బల్లల మీద తేలేవి. అంతకంటే ముఖ్యం, మూడింటికీ గడువులు వేరు. ఒకటి ఆలస్యమైనా బతుకుతుంది, ఒకటి ఏడాది దాటితే దాదాపు చచ్చిపోతుంది. ఏది ఏదో తెలియక, ఆగగలిగినదాని కోసం పరుగెత్తి, ఆగలేనిదాన్ని "రిటైరయ్యేలోపు చూద్దాం" అని పక్కన పెట్టేస్తారు. నేను చూసినంతలో మనవాళ్లు నష్టపోయేది అన్యాయం వల్ల కన్నా ఈ తారుమారు వల్లే ఎక్కువ.

జీతం లెక్క

ముందు జీతం. మాట వరసకి మెకానిక్ గారి బేసిక్ 27,500 అనుకుందాం. 2022లో వచ్చిన పీఆర్సీ మాస్టర్ స్కేల్లో ఆ పైన మెట్లు 28,280, ఆ తర్వాత 29,130. ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఫండమెంటల్ రూల్స్‌లోని ఎఫ్ఆర్ 22-బి కింద ఫిక్సేషన్ చేస్తే, ముందు కింది పోస్టులోనే ఊహగా ఒక ఇంక్రిమెంటు కలిపి 28,280 అంటారు. దానికి పై మెట్టు అయిన 29,130 దగ్గర కొత్త పోస్టు జీతం మొదలవుతుంది. అదే మామూలు ఎఫ్ఆర్ 22(ఎ)(ఐ) కింద చేస్తే 28,280 దగ్గరే ఆగిపోతుంది. తేడా 850 రూపాయలు.

ఎనిమిదొందల యాభైయే కదా అనిపిస్తుంది. పదేళ్లకి, పెరుగుదల ఏమీ లేకుండా 850 చొప్పునే లెక్కేసినా 1,02,000. దాని మీద డీఏ, ఇంటద్దె. ఆ పైన పెన్షన్ కట్టేది ఆఖరి జీతం మీద.

అయితే ఒక మాట. ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కీము కింద 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే స్కేళ్లలో మీరు ముందే ఏది తీసుకున్నారన్న దాన్నిబట్టి ప్రమోషనప్పుడు 22-బి వర్తిస్తుందా లేదా అన్నది మారుతుంది. కాబట్టి సీనియర్ అసిస్టెంటు కావాలని తొక్కేశాడని ముందే తీర్పు చెప్పేయకండి. ఫిక్సేషన్ ప్రొసీడింగ్స్‌లో ఏ రూలు రాశారో చూడండి. రూలు నంబరే రాయకుండా అంకె మాత్రం వేసి ఉంటే, మీ మొదటి అర్జీ డబ్బుల కోసం కాదు, ఏ రూలు కింద ఆ అంకె వచ్చిందో తెలపమని.

ఇంకో చిన్న తలుపు చాలామంది తెరవరు. ప్రమోషన్ వచ్చిన రోజు నుంచే ఫిక్సేషన్ కావాలా, కింది పోస్టులో రాబోయే ఇంక్రిమెంటు తేదీ నుంచి కావాలా అన్న ఆప్షను నెల రోజుల్లో రాసివ్వాలి. ఇంక్రిమెంటు రెండు నెలల్లో ఉందనగా ప్రమోషన్ వచ్చినవాడు ఈ కాగితం ఇవ్వకపోతే, ఆ నష్టం రిటైర్మెంటు దాకా వెంట నడుస్తుంది. ఇందులో ఎవర్నీ తిట్టడానికి లేదు. ఆ నెల రోజులూ కొత్త చోట చేరడం, ఇల్లు వెతుక్కోవడం, పిల్లల టీసీలతోనే గడిచిపోతాయి.

జూనియర్‌కి తనకంటే ఎక్కువ జీతం రావడమన్నది కాలేజీల్లో ఎక్కువగా వినబడే బాధ. దీనికి మందు స్టెప్పింగ్ అప్. కానీ ఆ మందు అందరికీ పనిచెయ్యదు. ఇద్దరూ ఒకే క్యాడరులో ఉండి, ఒకే రకం పోస్టులోకి ప్రమోషన్ పొంది ఉండాలి. కింది పోస్టులోనూ పై పోస్టులోనూ ఇద్దరి స్కేళ్లూ ఒకటే అయి ఉండాలి. జూనియర్ జీతం ఎక్కువ కావడానికి కారణం నేరుగా ఆ ఫిక్సేషన్ రూలే అయి ఉండాలి. కింది పోస్టులో ఉన్నప్పటి నుంచే అతనికి ఏదో అదనపు ఇంక్రిమెంటు ఉంటే మీ అర్జీ నిలబడదు. కాబట్టి రాసేముందు ఇద్దరి జీతాలూ తేదీల వారీగా పక్కపక్కన వేసుకుని, ఏ నెలలో అతను మిమ్మల్ని దాటాడో వేలు పెట్టి చూపగలగాలి. ఆ నెల దొరికితే సగం కేసు దొరికినట్టే.

ఇప్పుడు గడువు. జీతం తప్పుగా కట్టడమన్నది ఒకసారి జరిగి ఊరుకునే తప్పు కాదు. ప్రతి ఒకటో తారీఖునా మళ్లీ పుడుతుంది. సుప్రీంకోర్టు 1995లో ఎం.ఆర్. గుప్తా కేసులో, ఒక రైల్వే ఉద్యోగి ఫిక్సేషన్ గొడవలో, ఈ మాటే తేల్చింది: ఉద్యోగంలో ఉన్నంత కాలం సరైన జీతం అడిగే హక్కు నెలనెలా బతికే ఉంటుంది. అయితే పాత బాకీ మాత్రం అంతా రాదు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో, కోర్టుకి రావడానికి ముందు మూడేళ్ల బాకీకే గీత గీసింది. మన 850 లెక్కలో పదేళ్లు ఊరుకున్నవాడికి కోర్టు ఇప్పించగలిగేది సుమారు 30,600. మిగిలిన 71,400 తాండవలో కలిపినట్టే. ఇకమీదట జీతం మాత్రం సరి అవుతుంది. అంటే ఆలస్యం జీతం తగువుని చంపదు, చిక్కిపోయేలా చేస్తుంది.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. ఆఫీసు పొరపాటున ఎక్కువిచ్చి, పెన్షన్ కాగితాలప్పుడు ఆడిట్ పట్టుకుని, లక్షల్లో రికవరీ అంటారు. 2014 డిసెంబరు 18న రఫీక్ మసీ కేసులో సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. కింది తరగతుల ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల దగ్గర, అయిదేళ్లకు పైబడి చెల్లించిన సొమ్ము విషయంలో వసూలు తగదంది. కానీ 2016లో జగ్‌దేవ్ సింగ్ అనే జడ్జి గారి కేసులో, ఎక్కువ వస్తే తిరిగి కడతానని ముందే హామీ రాసిచ్చినవాడు ఆ మాటకి కట్టుబడాలని చెప్పింది. పీఆర్సీ ఆప్షను ఫారంతో పాటు సంతకం పెట్టే అండర్‌టేకింగు ఇదే. చదివి పెట్టండి. పెట్టక తప్పదు లెండి, కానీ చదివి పెట్టండి.

వరుస తప్పితే

ప్రమోషన్ తగువు స్వభావమే వేరు. జూనియర్ మిమ్మల్ని దాటిపోవడం ఒక రోజు, ఒక ప్రొసీడింగ్‌తో జరిగిపోతుంది. ఆ రోజు నుంచి అతని జీవితం కొత్త దారిలో పడుతుంది. అతని వెనకున్నవాళ్లవీ కదులుతాయి. ఏళ్ల తర్వాత మీరొచ్చి ఆ పేకమేడ కింది ముక్క లాగుతానంటే కోర్టు ఒప్పుకోదు. తమిళనాడులో ఒక ఇంజినీరు, సదాశివస్వామి గారు, 1957లో జూనియర్ తనని దాటితే 1971లో కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు ఆయన్ని వెనక్కి పంపింది. జూనియర్‌కి ప్రమోషన్ ఇచ్చారన్న బాధ ఉన్నవాడు ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలన్నది ఆ తీర్పు సారం. ఇప్పటికీ ప్రభుత్వ లాయర్ల కౌంటర్లలో ఈ కేసు పేరు కనబడుతూనే ఉంటుంది.

"నేనేం ఊరుకోలేదండీ, ఏటా రిప్రజెంటేషన్ పెడుతూనే ఉన్నాను" అంటారు. ఇదే పెద్ద ఉచ్చు. మళ్లీ మళ్లీ అర్జీలు పెట్టినంత మాత్రాన గడువు పెరగదని 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2008లో సి. జాకబ్ కేసులో ఇంకో మెట్టు ముందుకెళ్లింది. కొందరు ముందు కోర్టుకెళ్లి "నా అర్జీ మీద నిర్ణయం తీసుకోమనండి" అని చిన్న ఉత్తర్వు తెచ్చుకుంటారు. ఆఫీసు "కుదరదు" అని జవాబిస్తే, ఆ జవాబు తేదీ నుంచి కొత్త గడువు మొదలైందనుకుంటారు. మొదలవదు. పాతబడిన తగువు జవాబుతో ప్రాణం పోసుకోదు.

అయితే మొదట్లో పెట్టాల్సిన అర్జీ ఎప్పుడు పెట్టాలి? ప్రమోషన్ ఉత్తర్వు వచ్చాక కాదు. అంతకు చాలా ముందే, ప్రొవిజనల్ సీనియారిటీ జాబితా వచ్చినప్పుడు. తుని కాలేజీకి ఆ జాబితా రాజమహేంద్రవరంలో కాలేజియేట్ ఎడ్యుకేషన్ ఆర్జేడీ ఆఫీసు నుంచి రావాలి, పాలిటెక్నిక్ వాళ్లకి వేరే దారిలో. వచ్చాక అది నోటీసు బోర్డుకెక్కొచ్చు, సూపరింటెండెంటు గారి టేబులు అద్దం కింద నిద్రపోవచ్చు. అభ్యంతరాలకి ఇచ్చే గడువు రోజుల్లోనే ఉంటుంది. అందుకే ఆ ఆఫీసులో ఒక మనిషితో మంచిగా ఉండటం లంచం కాదు, లౌక్యం.

"ఏవండీ సూపరింటెండెంటు గారూ, సీనియారిటీ లిస్టేమైనా వచ్చిందాండీ?"

"ఇంకా రాలేదండి. వస్తే చెప్తాను లెండి."

"వచ్చిన రోజే చెప్పండి బాబూ. మొన్నోసారి మీరు చెప్పేసరికి టైమైపోయింది."

ఇలా నెలకోసారి అడిగేవాణ్ణి ఆఫీసువాళ్లు కాస్త విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

జాబితా చేతికొచ్చాక మీ పేరెక్కడుందన్నదొక్కటే చూసి ఊరుకోకండి. 1996 నాటి స్టేట్ అండ్ సబార్డినేట్ సర్వీస్ రూల్స్ ప్రకారం సీనియారిటీ చూడటానికి 33వ రూలుంది. మీ పేరు పక్కన చేరిన తేదీ సరిగా ఉందా, ప్రొబేషన్ డిక్లేరైన తేదీ ఉందా, మీ పైనున్నవాళ్లు నిజంగా మీ క్యాడరులోకి మీకంటే ముందు వచ్చారా అన్నవి చూడాలి. 2021లో ఎయిడెడ్ కాలేజీల సిబ్బందిని ప్రభుత్వ కాలేజీల్లోకి తీసుకున్నాక ఈ వరుసల్లో కొత్త పేర్లు చేరాయి. వాళ్లని ఏ షరతుల మీద ఎక్కడ చేర్చారో ఆ ఉత్తర్వులే చెప్పాలి, క్యాంటీన్లో మాట్లాడుకునే మాటలు కాదు.

మీ ప్రమోషన్ పోస్టుకి డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఉన్నాయేమో ముందే తెలుసుకోండి. ఏపీపీఎస్సీ పెట్టే ఈ పరీక్షల్ని "తర్వాత రాద్దాం లే" అనుకుని, ప్రమోషన్ ప్యానెల్ దగ్గరికొచ్చాక తలపట్టుకున్నవాళ్లు ప్రతి కాలేజీలోనూ ఒకరుంటారు. ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా. అర్హత చూసేది ఆ సెప్టెంబరు 1 నాటికి. సెప్టెంబరు 2న పాసైనవాడికి ఆ ఏడు లేనట్టే.

ఇక్కడ తుని వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ప్రమోషన్ వస్తుందనగానే "రంపచోడవరం వేస్తారటండీ" అన్న కబురు ముందు వస్తుంది. సొంతిల్లు ఇక్కడ, మామిడితోట ఇక్కడ, భార్య ఉద్యోగం అన్నవరంలో. నాకొద్దని రాసిచ్చేస్తారు. తప్పు లేదు, ఎవరి బతుకు వాళ్లది. కానీ 28వ రూలు కింద ఒకసారి వదులుకున్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు. పైగా ప్రమోషన్ కాదన్నవాడికి ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు కూడా ఆగిపోతాయి. దూరం వెయ్యకుండా ఉంటారేమోనని సగం మనసుతో రాసిచ్చేసి, తర్వాత జూనియర్ ఆ పోస్టులో చేరి ఆర్నెల్లకే కాకినాడ బదిలీ అయి వస్తే, కడుపులో మండే మంటకి ఏ కోర్టూ మందివ్వదు. రాసేముందు ఒక వారం ఆగండి.

మెట్లే లేని చోట

మూడో రకం తగువు చెప్పడానికి పెద్దది, గెలవడానికి కష్టం. పోస్టుకి పైన పోస్టే లేదు. లేదా పని రెగ్యులర్ మనిషిది, జీతం కాంట్రాక్టు మనిషిది.

పైన పోస్టు లేకపోవడమన్నది సాంకేతిక సిబ్బందికి దేశమంతటా ఉన్న బాధ. బీహారు పోలీసు వైర్‌లెస్ విభాగంలో పనిచేసిన ఒకాయన దీని మీదే సుప్రీంకోర్టుకి వెళితే, 1988లో కోర్టు కనీసం రెండు ప్రమోషన్లకైనా అవకాశముండేలా చూడమని ప్రభుత్వానికి చెప్పింది. ప్రమోషన్ దొరకనివాళ్లకి స్కేలు పెంచే పథకాలు కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ ఉన్నవి ఇలాంటి బాధకి మందుగానే. కోర్టు పోస్టులు సృష్టించదు. సృష్టించమని ఒక్కడు అడిగితే ప్రభుత్వం వినదు. కాబట్టి ఈ తగువుని ఒంటరిగా మొయ్యకండి. ఇది సంఘం పని, పీఆర్సీ కమిషన్‌కి ఇచ్చే మెమొరాండం పని. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకి జనం కదిలాకే చర్చలు ఊపందుకున్న సంగతి మీకు తెలిసిందే. అయితే అంత పెద్ద జనంలో ల్యాబ్ సిబ్బంది సంగతి ఎవరి డిమాండ్ల పత్రంలో ఎన్నో వరసలో ఉందో అడగడం మీ పని.

సమాన పనికి సమాన వేతనం అన్న మాట మైకులో బాగుంటుంది. కోర్టులో అది రుజువు చేయాల్సిన లెక్క. ఢిల్లీ ఎయిమ్స్‌లో వినికిడి సమస్యలున్నవాళ్లకి చికిత్స చేసే ఒక హియరింగ్ థెరపిస్టు, స్పీచ్ పెథాలజిస్టులతో సమానంగా జీతమివ్వాలని కోర్టుకెళ్లారు. 1989లో ఓడిపోయారు. పని దగ్గరదగ్గరగా ఉన్నా ఆ పోస్టులకి కావలసిన చదువులు వేరు, కాబట్టి స్కేళ్లు వేరుగా ఉండొచ్చంది కోర్టు. 2016 అక్టోబరు 26న జగ్‌జీత్ సింగ్ కేసులో మాత్రం పంజాబు తాత్కాలిక ఉద్యోగులు గెలిచారు. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్నట్టు చూపగలిగితే ఆ స్కేలు కనీస జీతం తాత్కాలికుడికీ ఇవ్వాలన్నారు. అందులోనూ చూపాల్సిన బాధ్యత అడిగేవాడిదే. ఆ రెండు కేసుల మధ్య దూరమే మీరు కొలుచుకోవాల్సింది. మిమ్మల్ని మీరు ఎవరితో పోల్చుకుంటున్నారు? లెక్చరర్‌తో పోలిస్తే ఓడిపోతారు. పక్క కాలేజీలో అదే పోస్టులో ఉన్న రెగ్యులర్ మనిషితో పోలిస్తే కోర్టు వింటుంది.

ఇక్కడే ఆ కిప్స్ ఉపకరణం పనికొస్తుంది. ఏ రోజు ఎన్ని బ్యాచ్‌లకు ప్రాక్టికల్ పెట్టారు, స్టాకు రిజిస్టర్ ఎవరు రాశారు, పరీక్ష డ్యూటీ ఉత్తర్వులో మీ పేరుందా అన్నవి ఏళ్ల తరబడి జాగ్రత్త చేసుకున్నవాడికే సమాన పని అన్న మాట నోట్లో నిలుస్తుంది. ప్రిన్సిపాల్ గారు నోటిమాటతో అప్పగించిన పనికి చిన్న ఆఫీసు ఆర్డరు రాయించుకోండి. మొహమాటపడకండి, ఆయనకీ అదే మంచిది.

రెగ్యులర్ కాకమునుపు చేసిన సర్వీసు విషయంలో ఆశలు కొంచెం తగ్గించుకోమంటాను. 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉమాదేవి తీర్పు తర్వాత తాత్కాలికులకి రెగ్యులరైజేషన్ హక్కుగా రాదు. 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో, సెంట్రల్ వాటర్ కమిషన్‌లో ఏళ్ల తరబడి ఊడ్చి తుడిచిన మహిళల విషయంలో, ఉమాదేవి తీర్పుని డాలుగా అడ్డం పెట్టుకుని మనుషుల్ని దశాబ్దాలు వాడుకోవడం కుదరదని కోర్టు గట్టిగానే చెప్పింది. మన రాష్ట్రంలో 2014 జూన్ 2 నాటికి ఉన్న కాంట్రాక్టు ఉద్యోగుల కోసం 2023లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆప్కోస్ ద్వారా వచ్చే అవుట్‌సోర్సింగ్ మనిషి దారి ఇంకా ఇరుకు. ఎవరు మిమ్మల్ని నియమించారు, శాంక్షనైన పోస్టులోనేనా, రిజర్వేషన్ రోస్టరు పాటించారా అన్న మూడు ప్రశ్నలకి జవాబు మీ మొదటి నియామక ఉత్తర్వులో ఉంది. ఆ కాగితం పోగొట్టుకున్నవాళ్లు సమాచార హక్కు కింద పది రూపాయలతో నకలు అడగొచ్చు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి.

అర్జీ, ఆ తర్వాత

మెకానిక్ గారి అర్జీ మళ్లీ రాద్దాం. మూడు తగువులకి మూడు అర్జీలు, ఒక్కొక్కటి పేజీ దాటకుండా. మొదటిది ఇలా మొదలవుతుంది: "ఫలానా తేదీ ప్రొసీడింగ్స్‌తో నా జీతం 28,280గా ఫిక్స్ చేశారు. ఎఫ్ఆర్ 22-బి ప్రకారం అది 29,130 కావాలి. కారణం దిగువ పట్టికలో." తీరని అన్యాయం, గుండెకోత, దయతలచి అన్న మాటలన్నీ ఎగిరిపోయాయి. కోపం పోయిందని కాదు, దాని చోటు ఈ కాగితం కాదు. రెండు కాపీలు తీసుకుని, తపాల్ సెక్షన్లో ఒకటిచ్చి రెండోదాని మీద ఇన్‌వార్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఆ నంబరు లేని అర్జీ పెట్టనట్టే.

అర్జీ రాసేముందే ఎస్సార్ తెరిపించండి. సర్వీస్ రిజిస్టర్ ఏటా ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలి; మనవాళ్లు చూడకుండా సంతకం పెట్టే రకం. జీతనష్టం సెలవు ఎక్కడైనా ఇంక్రిమెంటుని వెనక్కి నెట్టిందా, టెస్టు పాసైన నోటిఫికేషన్ ఎంట్రీ ఉందా, దాని పక్కన డీడీఓ సంతకం ఉందా, చేరింది పూర్వాహ్నమా అపరాహ్నమా అని చూడండి. ఒకే రోజు చేరిన ఇద్దరి మధ్య ఆ పూటే వరుస తేల్చిన సందర్భాలున్నాయి.

కోర్టు దాకా వెళ్లాలంటే ఇదివరకు రాత్రి బండెక్కి హైదరాబాద్‌లో పరిపాలనా ట్రైబ్యునల్‌కి పోయేవారు. అది 2019 డిసెంబరులో రద్దయింది. ఇప్పుడు సర్వీసు తగువంటే నేరుగా అమరావతిలో హైకోర్టు. తునిలో రైలెక్కి విజయవాడలో దిగి నేలపాడు. లాయరు గారి దగ్గరికి కట్టలకొద్దీ కాగితాలు పట్టుకుపోకండి. తేదీల పట్టిక ఒక్కటి ముందు ఇవ్వండి. మంచి లాయరైతే మొదట ఆ పట్టికలో ఆఖరి తేదీ చూసి, ఆ రోజు నుంచి ఈ రోజుకి ఎన్ని నెలలని వేళ్లు లెక్కపెడతాడు.

ఒక్క సంగతి ఎవరూ ముందు చెప్పరు. సీనియారిటీ మీద వేసే రిట్‌లో, మీరు గెలిస్తే ఎవరి చోటు కదులుతుందో వాళ్లని రెస్పాండెంట్లుగా చేర్చాలి. లేకపోతే కేసు అక్కడే చిత్తు. అంటే పక్క బెంచీ దగ్గర మీతో టీ తాగే మనిషి పేరు, ఇంటి చిరునామాతో సహా మీ కాగితంలోకి ఎక్కుతుంది. కోర్టు నోటీసు వాళ్లింటికి చేరకముందే మీరే చెప్పండి.

"ఏవండీ, లిస్టు మీద కోర్టుకెళ్తున్నానండి. మీ పేరు పెట్టక తప్పదంట. మీ మీద కోపం కాదండి."

అతను "ఆయ్, అలాగాండి" అనేసి నాలుగు రోజులు మాట్లాడకపోవచ్చు. భార్యాభర్తలు ఇద్దరూ మీ ఇంటికి రావడం మానెయ్యొచ్చు. నోటీసు చూసి తెలుసుకోవడం కంటే అదే నయం. కేసు సంగతి ల్యాబ్‌లో మాట్లాడకండి, పిల్లల ముందు అసలే వద్దు.

స్టాకు రిజిస్టర్ మాత్రం ఇద్దరూ కలిసే సరిచూడాలి, ఇదివరకటి కంటే జాగ్రత్తగా. కేసు నడుస్తున్న రోజుల్లో స్టాక్ వెరిఫికేషన్‌లో ఒక మైక్రోస్కోపు తగ్గిందంటే అది మామూలు తగ్గుదల కాదు, మెమో అవుతుంది. మెమో వచ్చినా కంగారుపడకండి, గడువులోగా జవాబివ్వండి. ఎంక్వయిరీ జరుగుతోందన్న మాటతోనే ప్యానెల్లో పేరు పక్కన పెట్టకూడదని, ఛార్జిమెమో జారీ అయ్యాకే నిర్ణయాన్ని సీల్డ్ కవర్‌లో పెట్టొచ్చని 1991లో జానకీరామన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఛార్జిమెమో లేకుండానే పక్కన పెట్టారా, అది జీతం తగువు కాదు, వరుస తగువు. ఆ ప్యానెల్ తేదీ దగ్గర నుంచే నెలలు లెక్కపెట్టుకోండి.